ఇందుమతి పెంచుకున్న మోతాదు

ఒంగోలులో ఇందుమతి అనే దర్జీ ఆవిడ ఉండేది; ఎవరికి ఏది దొరికినా తనకు అంతకన్నా తక్కువే దక్కిందని కుమిలిపోయేది. పెళ్ళయి ఏడేళ్ళయినా ఆమెకు పిల్లలు కలగలేదు. భర్త రామ్మోహన్ ఆమెను సంతాన సాఫల్య కేంద్రానికి తీసుకువెళ్ళాడు. అండాలు పెరగడానికి రోజూ పొట్ట మీద వేసుకోవలసిన హార్మోను ఇంజెక్షన్లు రాసింది డాక్టరమ్మ.

"రోజుకి నూట యాభై యూనిట్లు. అంతకు మించి వద్దమ్మా," అంది.

బయట బల్ల మీద మేరీరత్నం అనే నలభై ఏళ్ళ ఆవిడ కూర్చుని ఉంది. మాటల్లో ఇందుమతి ఆమె మోతాదు అడిగింది.

"నాకు మూడు వందలమ్మా," అందామె.

ఇందుమతి మనసు మండిపోయింది. ఇంటికి వెళ్ళాక భర్తకు చెప్పకుండా తనూ మూడు వందలు వేసుకోసాగింది. చాలకపోతే వేరే మందుల షాపులో కొనుక్కుంది.

ఆరో రోజు స్కానింగులో డాక్టరమ్మ ముఖం చిట్లించింది. "అండాలు మరీ ఎక్కువగా పెరుగుతున్నాయి. ఎంత వేసుకుంటున్నావు?"

"మీరు చెప్పినంతే," అంది ఇందుమతి.

డాక్టరమ్మ మోతాదు సగానికి తగ్గించింది. ఇందుమతి తగ్గించలేదు.

చివరికి ముప్ఫై ఎనిమిది అండాలు తీశారు. ఇందుమతి పొంగిపోయింది. అండాలు తీసిన మూడో రోజుకు పొట్ట కుండలా ఉబ్బింది. ఊపిరి ఆడలేదు. రామ్మోహన్ ఆమెను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. పొట్టలోనూ ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది. వాచిన అండాశయం ఒకటి మెలిపడి నల్లబడితే, కోసి తీసేశారు. పదకొండు రోజులకు గానీ ఆమె లేచి కూర్చోలేదు. ఆ అండాలతో ల్యాబులో తయారుచేసిన పిండాల్లో ఒక్కటీ ఎదగలేదు.

ఇందుమతి ఏడుస్తూ నిజం చెప్పింది.

"ఆ రోజే చెప్పి ఉంటే అక్కడితో ఆపేసేదాన్ని," అంది డాక్టరమ్మ.

రామ్మోహన్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

సంగతి తెలిసి మేరీరత్నం చూడడానికి వచ్చింది. "అంత మందు వేసినా నాకు రెండే అండాలు వచ్చాయమ్మా. అవీ నిలవలేదు. నాలో అండాలు అడుగంటిపోయాయి కాబట్టి అంత మోతాదు ఇచ్చారు. నా దురదృష్టాన్ని చూసి అసూయపడ్డావా తల్లీ!"

ఇందుమతి ఆమె చేయి పట్టుకుంది.

నీతి: మందు మోతాదు ఒంటిని బట్టి ఉంటుంది, పక్కవారితో పోల్చుకుని దాన్ని పెంచుకున్నవారు, అడిగినప్పుడు నిజం దాచినవారు తమ చేటు తామే తెచ్చుకుంటారు.