రాజుగారి ఉప్పుమడి

తూర్పున సముద్రం, పడమట కోట ఉన్న ఒకానొక రాజ్యంలో, ఆ రెంటి మధ్య ఉప్పుమళ్ళు ఉండేవి. అక్కడి జనం తెల్లవారగానే తూర్పుకు తిరిగి సూర్యుడికి దండం పెట్టేవారు. ఆ తరవాతే పార పట్టేవారు.

రాజు కిరణవర్మకు తన వంశం గొప్ప వినడమంటే మహా ఇష్టం. అది కనిపెట్టిన ఆస్థాన పండితుడు విశ్వపతిశాస్త్రి ఒక శాసనం రాతి మీద చెక్కించి ఉప్పుమళ్ళ గట్టున పాతించాడు. లోకానికి సూర్యారాధన నేర్పింది మహారాజు ముత్తాతగారేననీ, కనుక ఇకమీదట ఉదయపు దండం కోట వైపు తిరిగి పెట్టాలనీ, రాజుగారి ద్వారా అది సూర్యుడికి చేరుతుందనీ అందులో ఉంది. కాదన్నవారి మడి పోతుంది.

అందరూ కోట వైపు తిరిగారు. పైడమ్మ తిరగలేదు.

ఆమెకున్నది ఒక్కటే మడి. అత్త చేతి మీదుగా వచ్చింది. రెండు వారాలుగా ఎండిన నీరు చిక్కబడి, ఇక ఉప్పు కట్టే అదనులో ఉంది. ఆ మడి పోతే ఆమెకు వేరే బతుకు లేదు. అయినా తూర్పుకే చేతులెత్తింది. భటులు సభకు పట్టుకొచ్చారు.

"మా ఆజ్ఞ తెలియదా?" అన్నాడు రాజు.

"తెలుసు బాబయ్యా. కోట వైపు తిరిగితే పైనున్నాయనకి నా వీపు కనబడుతుంది. రోజంతా ఆయనతో పని నాకు."

శాస్త్రి కల్పించుకున్నాడు. "అజ్ఞానురాలా! సూర్యుణ్ణి కొలవడం మొదలైందే ఈ వంశంలో. అంతకు ముందు లోకానికి ఆ ఊహే లేదు."

పైడమ్మ ఆయన వైపు తిరిగింది. "అంతకు ముందు జనానికి చలి వేసేదా, శాస్త్రిగారూ?"

"వెయ్యకేం?"

"తెల్లారాక ఎటు తిరిగి కూర్చునేవారు?"

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. శాస్త్రి ఉత్తరీయం సర్దుకున్నాడు. రాజు ముఖం ఎర్రబడింది.

"మాలో ఉన్నది సూర్యతేజమే. నీకు అనుమానమా?"

"అనుమానం తీర్చుకుంటాను బాబయ్యా. నా మడికి అడ్డంగా గట్టు వేసి రెండు చేస్తాను. ఒక సగం పైనున్నాయనది. రెండో సగానికి తాటాకు తడికెలు కప్పి ఆయన చూపు పడకుండా చేస్తాను. అది తమది. తమరు పక్కన కూర్చోండి. సాయంత్రానికి తమ సగంలో ఉప్పు కడితే నా మడి తీసుకోండి. కట్టకపోతే ఆ రాయి తీయించండి."

"మహాప్రభూ, ఈవిడతో పంతమేమిటి..." అని శాస్త్రి గొణిగాడు.

"మీరు రాసిందేగా శాస్త్రిగారూ? భయమెందుకు?" అన్నాడు రాజు.

మర్నాడు ఉదయమే రాజు కెంపురంగు పట్టు అంగీ వేసుకుని గట్టు మీద ఆసనం వేయించుకున్నాడు. సేవకుడు గొడుగు పట్టబోయాడు.

"సూర్యుడికి గొడుగా, బాబయ్యా?" అంది పైడమ్మ.

రాజు గొడుగు తీసేయమన్నాడు.

పొద్దెక్కింది. రాజు రెప్ప వాల్చకుండా తడికెల వంక చూస్తూ కూర్చున్నాడు. చెమట చెంపల మీదుగా, వెన్ను మీదుగా కారింది. ఆరింది. మళ్ళీ కారింది. శాస్త్రి రెండుసార్లు నీడకు వెళ్ళొచ్చాడు. రాజు మాత్రం కదల్లేదు. పైడమ్మా కదల్లేదు.

సాయంత్రానికి సూర్యుడి సగంలో తెల్లటి పొర మెరిసింది. తడికెలు ఎత్తి చూస్తే రెండో సగంలో నీరు నీరులాగే ఉంది.

"ఆ సగంలో నేల మంచిది కాదు," అన్నాడు శాస్త్రి.

"నిన్నటి దాకా రెండూ ఒకటే నేల బాబూ," అంది పైడమ్మ.

రాజు గొంతు ఎండిపోయి ఉంది. "అంటే, మా పక్షాన ఒక్క ఉప్పు పలుకైనా కట్టలేదన్నమాట."

"కట్టింది బాబయ్యా. తమ వీపు మీద."

సేవకుడు అంగీ విప్పి చూపించాడు. ఎర్రటి పట్టు మీద భుజం నుంచి నడుము దాకా తెల్లటి చారలు. రాజు వేలితో తాకి నాలుకకు రాసుకున్నాడు. ఉప్పు!

"ఇది ఎవరు పండించారు?" అన్నాడు మెల్లగా.

పైడమ్మ వేలు ఆకాశం వైపు చూపింది. "మొట్టమొదట దండం పెట్టినవాడికీ ఇలాగే తెలిసి ఉంటుంది. పనిలో చెమటోడ్చి, పెదవి మీద ఉప్పు తగిలి, ఎవరి పనా అని తల ఎత్తి ఉంటాడు. అతని పేరు ఏ రాయి మీదా లేదు. ఉన్నా అది తమ ముత్తాతగారిది మాత్రం కాదు. ఆయనకి గొడుగు ఉండేదిగా!"

రాజు అంగీ వంక చూశాడు, శాస్త్రి వంక చూశాడు. పగలబడి నవ్వాడు.

"మడి నీది. నీ తరవాత నీ వాళ్ళది. ఇంకేం కావాలో అడుగు."

"ఆ రాయి ఇప్పించండి. నా మడి తూముకి చెక్క పుచ్చిపోయింది. అడ్డం పెట్టుకుంటాను."

శాస్త్రిగారే దగ్గరుండి దాన్ని పెకలించి మోయించారు. అక్షరాలు నీటి వైపుకి వచ్చేలా పైడమ్మ అమర్చుకుంది.

మర్నాడు తెల్లవారుతుండగా రాజు కోట మేడ ఎక్కాడు. కింద ఉప్పుమళ్ళలో జనం సముద్రం వైపు తిరిగి నిలబడ్డారు. ఆయనకు కనిపించినవన్నీ వీపులే. వాటి మీద నిన్నటి తెల్లటి చారలు ఇంకా ఉన్నాయి. ఆ వీపుల వెనక నిలబడి రాజు కూడా తూర్పుకు చేతులు జోడించాడు.