బొల్లిగిత్త ఒంట్లో సైన్యం

కాలవగట్టు పశువుల కొట్టంలో బొల్లిగిత్త అని ఒక ఎద్దు ఉండేవాడు. ఒంటినిండా గర్వం, బుర్రలో పిడికెడు గడ్డి. పక్క గుంజకు కట్టేసిన గాడిద సూరమ్మకు వాడి గొప్పలు వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి.

ఒకరోజు పశువుల డాక్టరు వాడి రక్తం పరీక్ష చేసి రైతుతో చెప్పాడు. "దీనికి లుకేమియా. రక్తంలో ఎదగని తెల్లకణాలు విపరీతంగా పెరిగిపోయాయి. రేపట్నుంచి సూదిమందు మొదలు. కాలి మీద పుండు ఉంది, బురదలో మాత్రం దిగనివ్వకు."

ఇందులో బొల్లిగిత్త తనకు నచ్చిన ముక్క ఒక్కటే విన్నాడు.

"విన్నావా అక్కా? జబ్బులతో పోరాడే తెల్లకణాలు నాకు అందరికన్నా ఎక్కువట! ఇంక నాకు జబ్బేంటి?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ పెరగడమే నీ జబ్బురా!" అంది సూరమ్మ.

అంతలో కంచె సందులోంచి నక్క తల దూర్చింది. అదెందుకొచ్చిందో సూరమ్మకు తెలుసు. ఏ పశువు పడిపోయేలా ఉంటే అక్కడ వాలడం దాని అలవాటు.

"దొరా! ఒంట్లో అంత సైన్యం పెట్టుకుని ఎండలో మాడతారేం? వెనక గుంటలో బురద చల్లగా ఉంది. డాక్టరు మాటలకు జడిసేది బక్కప్రాణులు, మీరా!"

"చూశావా అక్కా, నక్కకున్న పాటి మర్యాద నీకు లేదు," అంటూ బొల్లిగిత్త పలుపు తెంపుకుని గుంట వైపు నడిచాడు.

ఎంత వెధవైనా, పదేళ్లు పక్కన నిలబడ్డవాడు. వద్దంటే ఇంకా తొందరగా దిగుతాడు. అందుకని సూరమ్మ నక్క వైపు తిరిగింది.

"నక్క బావా, ఎంతమంది ఉంటే అంత బలమంటావు?"

"అంతేగా మరి!"

"అయితే నీకు కోళ్లు దక్కవులే, పాపం. గూటి ముందు మా కుక్క పన్నెండు పిల్లల్ని పెట్టింది. పన్నెండంటే మాటలా? చూస్తే హడలిపోతావు."

నక్కకు పౌరుషం పొడుచుకొచ్చింది. "నేనా? హడలిపోవడమా? కళ్లయినా తెరవని కూనలు! మొరగడం రాదు, కరవడం రాదు. పైగా తల్లిని పీల్చి పిప్పిచేసి, అదీ లేవకుండా చేశాయి. పన్నెండు వందలున్నా నన్నేం పీకుతాయి?"

"విన్నావుట్రా, బొల్లీ?" అని అరిచింది సూరమ్మ. "డాక్టరు మాట ఎలాగూ ఎక్కలేదు, నీ నేస్తం మాటైనా ఎక్కించుకో. నీ రక్తంలో పెరిగినవీ అలాంటి ఎదగని కణాలే. పనిచేసేవాటికి చోటు లేకుండా చేశాయి. ఆ బురద నీ పుండులోకి పోతే అడ్డుకునేదెవరు?"

బొల్లిగిత్త ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది. నక్క వైపు తిరిగాడు.

"మరి నన్నెందుకు దిగమన్నావు?"

వాడి కొమ్ములు వంగడం చూసి నక్క తోక ముడిచి పరుగు లంకించుకుంది. బొల్లిగిత్త తన గుంజ దగ్గరికి వచ్చాడు. మర్నాడు సూది పొడుస్తుంటే కదల్లేదు, మెదల్లేదు.

పని చేతకాని మూక ఎంత పెరిగినా కాపలా కాయదు, ఊళ్లోనైనా ఒంట్లోనైనా.