ఇప్పమ్మ మరిచిన మూడో గోరు

కొండమామిడి అడవిలో చిరుతలు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు, కోతులు ఉండేవి. మనకు ఉన్నట్టే ఆ జంతువులకూ బండ్లు ఉండేవి. చుక్కయ్య అనే చిరుతకు మెరిసే కొత్త కారు, గంగన్న అనే దున్నకు పాత జీపు ఉండేవి. ఇప్పమ్మ అనే ముసలి ఎలుగుకు బండి లేదు. నేరేడు అనే మనవరాలు ఉంది, మతిమరుపు అనే దిగులు ఉంది.

ఇప్పమ్మ మొగుడు బతికినన్నాళ్లూ బండి నడిపినవాడు. బండి కదలాలంటే మూడు సంగతులు గుర్తుంచుకోమని ఆమె గోళ్లు పట్టుకుని చెప్పేవాడు. మొదటి గోరు గుర్రాల బలం. అది బండిని జోరుగా పరుగెత్తించే బలం. రెండో గోరు తిప్పుడు బలం. అది చక్రాన్ని మెలితిప్పి, ఆగిన బండిని కదిలించే బలం. మూడో గోరు ఏమిటో ఇప్పమ్మ మరిచిపోయింది. రోజూ పొద్దున్నే ఆ గోరు నొక్కి చూసుకునేది. ఏమీ గుర్తొచ్చేది కాదు. ఆ మాటతో పాటు ఆయన కూడా కొంచెం కొంచెంగా పోతున్నాడేమోనని ఆమెకు భయం.

ఒక రోజు పెద్ద వాన కురిసి వాగు పొంగింది. నీళ్లు గుహ గడప దాకా వచ్చాయి. తేనె కోసం చెట్టెక్కి పడిన నేరేడు కాలు విరిగి పడుకుని ఉంది. వీపు మీద ఎక్కించుకుంటే కాలు కదిలి విలవిలలాడుతోంది. పడుకోబెట్టి గట్టు మీదికి చేర్చాలంటే బండే కావాలి. ఇప్పమ్మ కేకలు వేసింది.

ముందు చుక్కయ్య వచ్చాడు.

"ఎక్కండి అవ్వా. నా కారుకు మూడు వందల గుర్రాల బలం. ఒక్క ఊపులో గట్టు మీద ఉంటాం."

కారు వెనక సీటులో పడుకోబెడుతుంటే నేరేడు తల ఎత్తి చూసింది. "అన్ని గుర్రాలూ ఎక్కడున్నాయవ్వా? ఒక్కటీ సకిలించదేం?"

"నిజం గుర్రాలు కాదే తల్లీ. అన్ని గుర్రాలు చేసేంత పని ఈ కారు చేస్తుందని లెక్క," అంది ఇప్పమ్మ. సరిగ్గానే చెప్పానా అని వెంటనే అనుమానం వచ్చింది.

చుక్కయ్య యాక్సిలరేటర్ అడుగంటా తొక్కాడు. ఇంజను అరిచింది. క్లచ్ ఒక్కసారిగా వదిలాడు. చక్రాలు గిర్రున తిరిగాయి. ఎర్రబురద ఎగిరి, చుట్టూ నిలబడి చూస్తున్న కోతుల మొహాల మీద పడింది. కారు మాత్రం కదలలేదు.

ఇప్పమ్మకు ఏమీ అర్థం కాలేదు. చక్రం తిరిగితే బండి పోవాలి కదా. తిరుగుతూనే ఉందే, మరి పోదేం?

"బలం చాల్లేదు," అని చుక్కయ్య ఇంకా తొక్కాడు. చక్రాలు మట్టి తవ్వుకుంటూ దిగిపోయాయి. కారు పొట్ట నేలకు ఆనింది.

అంతలో గంగన్న జీపు వచ్చింది. కోతులు నేరేడును కొమ్మల మీద పడుకోబెట్టి జీపులోకి మార్చాయి. ఇప్పమ్మ కూడా ఎక్కింది.

"నీ డొక్కుబండికి ఎన్ని గుర్రాలు గంగన్నా?" అన్నాడు చుక్కయ్య.

"అరవై. అందులో కొన్ని ముసలివి."

"మూడు వందలు చేయలేనిది అరవై చేస్తాయా?"

ఇప్పమ్మ రెండో గోరు నొక్కుకుంది. ఆమె మొహం వెలిగింది. "జోరు తక్కువైతేనేం, జీపుకు తిప్పుడు బలం ఎక్కువ. మొదటి గేరులో ఇంకా ఎక్కువ. గట్టిగా తొక్కు నాయనా."

గంగన్న అలాగే తొక్కాడు. జీపు చక్రాలు కూడా ఉన్నచోటే గిర్రున తిరిగాయి.

ఇప్పమ్మ రెండో గోరు వదిలేసింది. తొక్కమన్నది తనే. మొదటి గోరు పనికిరాలేదు, రెండో గోరూ పనికిరాలేదు. ఆయన చెప్పినదంతా తప్పుగా గుర్తుంచుకున్నానేమో. నీళ్లు చక్రాలను తాకాయి. నేరేడు ఏడుపు మొదలుపెట్టింది.

జీపును నెడదామని ఇప్పమ్మ దిగింది. కంగారుగా అడుగు వేస్తే కాలు జారింది. మళ్లీ వేస్తే మళ్లీ జారింది. అప్పుడు, తడిచెట్లు ఎక్కేటప్పుడు చిన్ననాటి నుంచీ చేస్తున్నట్టే, కాలు నెమ్మదిగా ఆనించింది. గోళ్లు మట్టిలో దిగనిచ్చింది. ఆ తర్వాతే బరువు మోపింది. కాలు జారలేదు.

ఆమె తన కాలి వంక చూస్తూ నిలబడిపోయింది.

"పట్టు," అంది మెల్లగా.

"ఏమిటవ్వా?" అన్నాడు గంగన్న.

"మూడో గోరు, నాయనా. నేల పట్టు. చక్రం నేలను వెనక్కి తోస్తేనే బండి ముందుకు పోతుంది. నేల ఆపుకోగలిగినదానికంటే ఎక్కువ తోస్తే చక్రం జారి ఊరికే తిరుగుతుంది. ఏ బలమైనా ఆ పట్టు ఉన్నంతవరకే."

"ఇరుక్కున్నప్పుడు బలం తగ్గించమంటావా?"

"నాకూ వింతగానే ఉంది. తగ్గించి చూడు."

కోతులు చక్రాల కింద కొమ్మలు పరిచాయి. గంగన్న జీపును రెండో గేరులో పెట్టాడు. అందులో చక్రం మీద తిప్పుడు బలం కాస్త తగ్గుతుంది. గుడ్డు మీద కాలు పెట్టినట్టు యాక్సిలరేటర్ మీద కాలు పెట్టాడు. జీపు వణికింది. చక్రం అరంగుళం తిరిగి కొమ్మను కరుచుకుంది. ఇంకాస్త తిరిగింది. జీపు మెల్లగా గట్టు ఎక్కసాగింది.

"చుక్కయ్యా, కారు వదిలి రా," అని ఇప్పమ్మ పిలిచింది.

"ఇంకొంచెం తొక్కితే వచ్చేస్తుంది," అన్నాడు చుక్కయ్య.

కారు వచ్చింది. కానీ వాగు లాక్కుంటే వచ్చింది. చుక్కయ్య ఒక కొమ్మ పట్టుకుని చెట్టెక్కి, తన మూడు వందల గుర్రాలు నీళ్లలో కొట్టుకుపోవడం చూస్తూ కూర్చున్నాడు.

గట్టు మీద ఇప్పమ్మ నేరేడు గోళ్లు పట్టుకుని మూడు సంగతులూ చెప్పింది.

"రేపు నేను మళ్లీ మరిచిపోతానేమో. మూడోది ఏమిటని అడిగితే చెప్తావా?"

నేరేడు బాగున్న కాలు చాపి, అవ్వ అరికాలికి ఆనించి, గోళ్లతో గట్టిగా పట్టుకుంది.

నీతి: ఎంత బలం ఉన్నా, కాలి కింది నేల ఇచ్చే పట్టు చూసుకుని వాడితేనే ముందుకు వెళ్తాం, అది చూసుకోని బలం ఉన్నచోటే గొయ్యి తవ్వుతుంది.