కుక్క మలుపు దగ్గర ఎందుకు ఆగుతుంది?

ఒకప్పుడు కుక్కలకు మాటలొచ్చు. ఎంత వచ్చంటే, మూతి మూతపడేదే కాదు. వెనక్కి తిరిగి చూడడం మాత్రం రాదు. ముందుకు పరుగే పరుగు!

ఆ రోజుల్లో నూకాలవ్వ దగ్గర మోతుబరి అనే కుక్క ఉండేది. అవ్వకు వాడు కుక్క కాదు, కొడుకు. అందుకని మనమూ 'వాడు' అనే అందాం. రోజూ పొద్దున్నే ఇద్దరూ చెరువు గట్టున షికారుకు పోయేవాళ్లు. ఎత్తూ లేదు, పల్లమూ లేదు, పసిపిల్లలు కూడా నడిచే దారి.

ఒకరోజు మోతుబరి ముందు నడుస్తూ ఒకటే వాగుడు.

"అవ్వా, అదిగో తాబేలు! అవ్వా, ఆ మబ్బు అచ్చం ఎముకలా లేదూ?"

వెనక అవ్వ పొన్నగంటికూర కోద్దామని నీళ్ల అంచుకు దిగింది. కాలు ఊబిలో కూరుకుపోయింది. ఒక కాలు లాగితే రెండోదీ దిగబడింది.

"ఒరే మోతుబరీ!" అని అరిచింది. వినబడితేగా! వాడి చెవుల్లో వాడి గొంతే మోగుతోంది.

వాడు తూము దాకా పోయాడు. అక్కడ ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ కిసుక్కున నవ్వింది.

"ఎవరితోరా అబ్బాయ్, ఇందాకట్నుంచీ ఆ కబుర్లు?"

"మా అవ్వతో. నా వెనకే ఉందిగా!"

"ఏదీ, చూపించు."

మోతుబరి మెడ తిప్పాడు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. దారంతా ఖాళీ! నోరు టక్కున మూతపడింది. అప్పుడు వినబడింది, నీళ్ల మీదుగా సన్నగా: "ఒరే... మోతూ..."

"నిలబడ్డావేం? పరుగెత్తు!" అంది చెరువు. "నీళ్లలో పడుంటే నేనే తేల్చేదాన్ని. ఆ బురద నా మాట వినదు."

వాడు వచ్చేసరికి అవ్వ నడుం దాకా దిగబడి ఉంది. కళ్లలో నీళ్లు, నోట్లో తిట్లు.

"వచ్చావా దొరా! ఇదిగో, కూరమోపు కట్టే తాడు. పట్టు!"

వాడు తాడు కొస పళ్లతో పట్టి గట్టు మీది తుమ్మచెట్టు చుట్టూ మూడు చుట్లు తిరిగాడు. కాళ్లు నేలకు తన్నిపెట్టాడు. అవ్వ తాడు పట్టుకుని జానెడు జానెడు పైకి జరుగుతోంది. వాడి దవడలు పీకేస్తున్నాయి. "అవ్వా, భద్రం" అందామనుకున్నాడు. నోరు తెరిస్తే తాడు జారిపోతుంది. అనలేదు.

గట్టెక్కగానే అవ్వ వాణ్ని వాటేసుకుంది. తర్వాత వీపు మీద ఒక్కటిచ్చింది.

"ముందు నడవొద్దని అనను. నీ కాళ్లు కట్టెయ్యను. కానీ నేనున్నానో పోయానో చూసుకుంటూ పోరా!"

వాడు ఒక్క మాటా అనలేదు. నాలుగడుగులు పరుగెత్తాడు. మలుపు దగ్గర ఆగాడు. తిరిగి చూశాడు.

"వస్తున్నాలే, నడు" అంది అవ్వ. తోక గిరగిరా ఊగింది.

అప్పటినుంచే కుక్కలు మాటలు మానేశాయి. ఎంత ముందుకు ఉరికినా మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి చూస్తాయి. మీ కుక్క అలా చూస్తే "వస్తున్నాలే, నడు" అనండి. మీ నోరేం అరిగిపోదు.