కుండలు పగలగొట్టిన దయ్యం

అనగనగా, గాడిదలు మాట్లాడుతుండేవి, మంత్రులు మాత్రం అప్పుడూ వినేవారు కాదు. అలాంటి రోజుల్లో మణిగుట్ట అనే రాజ్యం ఉండేది. ఈ కథను నాలాగా చెప్పగలవాడు భూమ్మీద పుట్టలేదు. ఒకసారి నేను మొదలుపెడితే పారే ఏరు ఆగి విన్నది, ముగిశాక తన దారి తడుముకుంటూ పోయింది. అయినా ఇది చెప్పేటప్పుడు నాకు సంతోషం కలగదు, ఒళ్లు మండుతుంది. ఎందుకో వినండి.

మణిగుట్ట మంత్రి కేశవార్యుడు మహా తార్కికుడు. కోట బురుజు మీద తెల్లటి పిశాచం ఆడుతోందని ఊరంతా తలుపులు బిగించుకుంటే, ఆయన ఒక్కడే పైకెక్కి, గాలికి ఎగిరి చిక్కుకున్న పంచెను చంకన పెట్టుకుని దిగాడు. గుర్రాలకు శాపం తగిలిందంటే, మేతలో కుళ్లిన గడ్డిని తీసి చూపించాడు. అంతటి మనిషి!

రాజకుమార్తె పెళ్లికి మూడు వందల కుండలు కావలసి వచ్చాయి. మంత్రి కుమ్మరి నాంచారమ్మను పిలిపించాడు.

"పది రోజుల్లో కావాలి. ఏటి దాకా పోవడమెందుకు? కోటగోడ కింద మన్ను తవ్వుకో."

"ఆ మన్ను పనికిరాదు అయ్యగారూ. కోట కట్టినప్పటి సున్నపురాళ్లు నలిగి అందులో కలిసిపోయాయి. ఏటిమన్ను తెచ్చుకుంటాను, ఇంకొక్క వారం ఇప్పించండి."

"మన్ను మన్నే! తర్కం నాకు నేర్పుతావా?"

నాంచారమ్మ గోడ కిందే తవ్వింది. ఆమె గాడిద ఆ మన్నే మోసింది. కుండలు కాలాయి, నిగనిగలాడాయి, కోటకు చేరాయి. ఆ వారమే ముసురు పట్టింది.

మొదటి కుండ వంటశాలలో పగిలింది. ఎవరూ ముట్టుకోలేదు. నెయ్యంతా నేలపాలు.

రెండోది నిండు సభలో, రాజుగారి కళ్లెదుటే ఠప్పుమంది.

మూడోది మంత్రిగారి గదిలో. ఆయన ఒక్కడే ఉన్నాడు. తలుపు గడియ వేసి ఉంది. గాలి లేదు, పిల్లి లేదు, ఎలుక లేదు. మూలనున్న కుండ దానంతటదే రెండుగా విచ్చుకుంది.

మంత్రి ఎగిరి మంచమెక్కాడు. "చెయ్యి తగలందే కుండ పగలదు. కనబడే చెయ్యి తగల్లేదు. కాబట్టి కనబడని చెయ్యి తగిలింది! కుండలు చేసింది నాంచారమ్మ. కాబట్టి దయ్యాన్ని పంపిందీ నాంచారమ్మే!"

ఎంత ముచ్చటైన తర్కం! ఆయన అబద్ధమాడి ఉంటే నేను క్షమించేవాణ్ణి, పిల్లలూ. అబద్ధం కాదు, నిజంగా నమ్మాడు! జ్వరం తెచ్చుకున్నాడు, తాయెత్తు కట్టుకున్నాడు. "మన్ను మన్నే" అన్న తన మాట ఒక్కటే ఆయనకు గుర్తురాలేదు.

"దయ్యాల్ని నమ్మనివాడే నమ్మాడంటే, ఉండే ఉంటుంది" అంది ఊరు. రాజూ అదే అనుకున్నాడు. తీర్పు చెప్పేశాడు. పొద్దు గుంకేలోగా నాంచారమ్మ కుమ్మరిచక్రం ముక్కలు చెయ్యాలి, ఆమె పొలిమేర దాటిపోవాలి.

ముప్పై ఏళ్లుగా ఊరందరికీ నీళ్లకుండ ఇచ్చిన మనిషి! ఆ కుండల్లో చల్లటి నీళ్లు తాగిన నోళ్లలో ఒక్క నోరైనా లేచిందా? లేవలేదు!

లేచింది గాడిద నోరు. నేరుగా సభలోకి నడిచింది.

"మహారాజా, నా మాట కొంచెం..."

"గాడిద సాక్ష్యం చెల్లదు!" అని గర్జించాడు మంత్రి.

"కనబడని దయ్యం సాక్ష్యం చెల్లిందా అయ్యా? నేను కనీసం కనబడుతున్నాను. మన్ను మోసింది నా వీపు. కోటగోడ కింద తవ్వమన్నది తమరి నోరు."

సభంతా నవ్వింది. రాజు మాత్రం నవ్వలేదు, గాడిద వెనకే వచ్చి నిలబడ్డ నాంచారమ్మ వైపు తిరిగాడు. "నాంచారమ్మా, నువ్వేమంటావు?"

"మాటలెందుకు దొరా! ఇంకా పగలని కుండ ఒకటి తెప్పించండి."

తెచ్చారు. ఆమె దాన్ని నేలకేసి కొట్టింది. ఒక పెంకులో పెసరగింజంత తెల్లటి పలుకు కనిపించింది. దాని మీద నాలుగు నీటిచుక్కలు చిలకరించింది. పలుకు సుయ్యిమంది, ఉబ్బింది, పెంకును చీల్చుకుని పైకొచ్చింది.

"మంటలో కాలి సున్నమైన రాయి దొరా ఇది. ముసురు తడికి ఉబ్బింది. దీనికి ఏ చెయ్యీ అక్కర్లేదు."

రాజు మంత్రివైపు తిరిగాడు. "కేశవార్యా, తడి తగిలితే సున్నం ఉడుకుతుందని మీరెరగరా?"

"ఎరుగుదును ప్రభూ."

"మరి?"

మంత్రి ఆ పెంకును చేతిలోకి తీసుకున్నాడు. "సున్నమైతే తప్పు నాదవుతుంది. దయ్యమైతే కాదు."

గాడిద చెవులు విదిలించింది. "అవునులెండి. బురుజు మీది పంచె తమరిది కాదు కదా!"

రాజు తన తీర్పు తానే కొట్టేసి, నాంచారమ్మకు చేతులు జోడించాడు. మూడు వందల కుండలకూ ఏటిమన్ను మంత్రిగారే తవ్వాలన్నాడు.

"మరి మోసేదెవరు మహారాజా?" అంది గాడిద.

"అదీ ఆయనే."

పెళ్లి ఒక వారం వాయిదా పడింది. నాంచారమ్మ మొదట అడిగిందీ ఆ వారమే!

నీతి: తన తప్పును నిజం బయటపెడుతుందంటే ఎంత తెలివైనవాడైనా దయ్యాన్నే నమ్ముతాడు, అందుకే వింత ఎదురైనప్పుడు, ఒకరి మీద వేలెత్తే ముందు మన చేతులకు అంటిన మన్ను చూసుకోవాలి.