పీతల గుమ్మాలు, నక్క మేడ

సముద్రం ఒడ్డునున్న ఆ పట్నంలో ఒకప్పుడు పీతల మాటకి విలువుండేదంటే ఇప్పుడెవరూ నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి, నేను చెప్పేది మాత్రం చెప్పి తీరతాను.

పట్నానికి తూర్పున సరుగుడు తోపు, అది దాటగానే ఒక ఇసక మెరక. ఆ మెరక మీద నలభై ఎర్రపీతల కుటుంబాలు కాపురం ఉండేవి. వాళ్ళకి పెద్ద నూకాలు. వయసు మీదపడి ఎడమ డెక్క అరిగిపోయింది గానీ నోరు మాత్రం అరగలేదు. పెళ్ళయినా, తగువయినా, ఇల్లు ఎక్కడ తవ్వుకోవాలన్నా అందరూ నూకాలు గుమ్మం దగ్గరికే వచ్చేవారు. "పెద్దమ్మ చెప్పిందా? అయితే సరే" అనేవారు. ఆ మాట వింటే నూకాలుకి కడుపు నిండిపోయేది.

ఇంకో గర్వం కూడా ఉండేదామెకి. ఆ పట్నంలో ఎవరేం కట్టాలన్నా ప్లానింగ్ ఆఫీసువారి కాగితం కావాలి. సముద్రం దగ్గర కట్టాలంటే మరో నిబంధన ఉంది. పోటు నీళ్ళు ఎంతవరకు వస్తాయో అక్కడ ఒక గీత గీస్తారు. ఆ గీత నుంచి వంద కొంగ అడుగుల లోపల ఒక్క ఇటుక కూడా పెట్టకూడదు. మరి పోటు ఎంతవరకు వస్తుందో ఎవరు చెప్పాలి? సముద్రాన్ని పిలిచి సంతకం పెట్టించలేరు కదా! అందుకని పీతల గుమ్మాలు చూసి గీసేవారు. పీత తన ఇల్లు పోటు నీళ్ళు ఆగేచోటే తవ్వుకుంటుంది, అందులో పొరపాటు ఉండదు. "ఆఫీసువోళ్ళు మన గుమ్మాలు చూసి గీత గీత్తారు, తెలుసా?" అని పిల్లలకి చెప్పుకుని మురిసిపోయేది నూకాలు.

ఒకరోజు పొద్దున్నే గుర్నాథం అనే నక్క చంకలో కాగితాల చుట్ట పెట్టుకుని వచ్చాడు.

"నూకాలప్పా, కులాసానా?"

"నీకు నేనెప్పుడు అప్పనయ్యాన్రా? నిరుడు మావోళ్ళని ముగ్గుర్ని నమిలేసినప్పుడా?"

"పాత సంగతులెందుకప్పా! మాంసం మానేశాను. ఇప్పుడు బిల్డింగులు కడుతున్నాను."

"ఓలమ్మో, అది ఇంకా పెద్ద తిండి కదరా!"

గుర్నాథం నవ్వేసి కాగితం పరిచాడు. ఐదంతస్తుల మేడ. ప్రతి గదికీ సముద్రం వైపు కిటికీ. మేడ నిలబడేది సరిగ్గా మెరక మీద.

"మీ అందరికీ కింద సెల్లార్లో చోటిస్తాను. ఎండా వానా బాధ ఉండదు" అన్నాడు.

"ఇసకలో పుట్టినోళ్ళం, సిమెంట్లో ఏటి తవ్వుకుంటాం? మా గుమ్మాలు ఇక్కడుండగా నీ కాగితం మీద ముద్ర పడదు. నడువు, నడువు."

నక్క గొడవేమీ పెట్టలేదు. కాగితం చుట్టుకుని, తోక దులుపుకుని వెళ్ళిపోయాడు. వాణ్ణి నాలుగు మాటలతో తరిమేశానని నూకాలు ఆ పూటంతా సంబరపడింది. అక్కడే పాపం పప్పులో కాలేసింది.

పౌర్ణమి వెళ్ళి ఆరు రోజులైంది. అష్టమి నవమి రోజుల్లో పోటుకి బలం ఉండదని ఒడ్డున బతికేవాళ్ళందరికీ తెలుసు. నీళ్ళు ఎక్కడో దిగువనే ఆగిపోతాయి, మెరక దాకా రావు. నీళ్ళు రాకపోతే తిండీ రాదు. ప్రతి పక్షంలోనూ ఆ నాలుగు రోజులు పీతలు కడుపు కట్టుకుని ఉండటం మామూలే. ఈసారి మాత్రం దిగువన, తడి ఇసక మీద, బుట్టల కొద్దీ చేపల తలకాయలు వచ్చి పడ్డాయి. పొద్దునా సాయంత్రం గుర్నాథమే దగ్గరుండి పోయించాడు.

"ఇరుగుపొరుగులం. తినండమ్మా, తినండి" అంటూ ఒట్టి చేతులు దులుపుకుని వెళ్ళిపోయేవాడు.

పీతలు దిగువకి పరుగెత్తి, తలకాయ ముక్కలు పట్టుకుని మెరక ఎక్కేవి. నూట ఇరవై కొంగ అడుగుల దూరం. చాటు లేదు, మాటు లేదు. పైన గద్దలు. రెండోరోజుకే అప్పాయమ్మ అనే పీత ముగ్గురు పిల్లల్లో ఇద్దరిని గద్ద ఎత్తుకుపోయింది. అప్పాయమ్మ ఏడుస్తూ నూకాలు గుమ్మం ముందు కూలబడింది.

"పెద్దమ్మా, తిండి అక్కడుంది, ఇల్లు ఇక్కడుంది. మధ్యలో నా పిల్లలు పోయారు. మిగిలిన ఒక్కడూ పోయేదాకా నన్ను తిప్పుతావా?"

"ఆ తిండి తినకండే! నక్క పెట్టిన తిండది."

"నువ్వు పెద్దదానివి, ఆకలికి ఆగుతావు. పిల్లలాగుతారా? నాలుగు రోజులు దిగువన కన్నాలు తవ్వుకుంటాం. పోటు పెరిగేలోగా వచ్చేస్తాం. ఏటవుద్ది?"

నూకాలు ఆలోచించింది. నక్క ఊరికే పెట్టడని ఆమెకి తెలుసు. కానీ బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి ఎదురుగా కూచుంటే ఏ పెద్దమ్మ మాత్రం కాదనగలదు? "సరే, ఏకాదశి నాటికి అందరూ పైకి వచ్చెయ్యాలి" అంది.

పీతలకొక పద్ధతి ఉంది. ఇల్లు విడిచి వెళ్ళేటప్పుడు గుమ్మాన్ని తడి ఇసకతో పూడ్చి, పైన కాళ్ళతో చదును చేసి మరీ వెళ్ళాలి. తెరిచి పోతే పాము దూరుతుంది. గుమ్మం ఎక్కడుందో పక్కింటివాడు కూడా గుర్తుపట్టకూడదు, అదీ పనితనం. ఆ పనితనం నేర్పింది నూకాలే. ఆ సాయంత్రం తనే ప్రతి ఇల్లూ చూసుకుంటూ తిరిగింది. "ఇది కనిపిస్తోందే, ఇంకో ముద్ద వెయ్యి" అని దగ్గరుండి వేయించింది.

ఒక్క ఇంట్లో మాత్రం మనిషి ఉంది. నూకాలు చెల్లెలు పైడమ్మ. పెంకు మార్చుకుంటోంది. పాత పెంకు విడిచి కొత్తది గట్టిపడేలోగా పీత ఒళ్ళు వెన్నలా ఉంటుంది, కదల్లేదు.

"నువ్వు వెళ్ళప్పా" అంది పైడమ్మ లోపల్నుంచి. "నేను ముడుచుకుని పడుకుంటాను. నాలుగు రోజులే కదా."

"రోజూ సాయంత్రం వచ్చి పలకరిస్తానే."

"తలుపు గట్టిగా వెయ్యప్పా, గాలి కొడతాంది."

నూకాలు గట్టిగానే వేసింది. పైన ఒక్క గీత కూడా కనబడకుండా సర్ది, దిగువకి నడిచింది.

నవమి పొద్దున ప్లానింగ్ ఆఫీసు నుంచి కొంగ వచ్చింది. పరాంకుశంగారని పెద్ద పేరు. మెడలో కళ్ళజోడు, వెనకాల టేపు. నిబంధన తప్ప ఇంకేమీ ఎరగనని చెప్పుకునే అధికారి. తనిఖీకి తేదీ దరఖాస్తుదారే కోరుకోవచ్చన్నది నిబంధన. గుర్నాథం నవమిని కోరుకున్నాడు.

కొంగ దిగువన పీతల గుమ్మాలు చూసింది. పోటు గీతకి గుర్తుగా అక్కడే ఎర్రజెండా పాతింది. నూకాలు గబగబా కొంగ కాళ్ళ ముందుకి పరుగెత్తింది.

"సారూ, సారూ! ఇయ్యి మా ఇళ్ళు కావండి. నాలుగు రోజుల మకాం. అసలు గుమ్మాలు మెరక మీదున్నాయి."

"ఇవి గుమ్మాలా కాదా?" అంది కొంగ.

"గుమ్మాలే, కానీ..."

"లోపల మీరున్నారా లేరా?"

"ఉన్నామండి, కానీ..."

"కానీ అన్న గడి నా ఫారంలో లేదమ్మా. పైన ఉన్నాయంటున్నావుగా, పద చూపించు."

ఏ మాటకా మాట, కొంగ నడిచింది. నూకాలు ముందు పరుగెడుతూ, వెనక్కి చూస్తూ, "ఇదిగో సారూ, వచ్చేశాం" అంటూ మెరక ఎక్కింది. ఎక్కి అలాగే నిలబడిపోయింది.

మెరక లేదు. పళ్ళెంలా చదునైపోయిన నేల ఉంది. దాని మీద, మెడకి రాతి రోలరు కట్టుకుని సింహాద్రి అనే ఎద్దు రొప్పుతూ నిలబడి ఉన్నాడు. పక్కన గుర్నాథం చేతులు కట్టుకుని వినయంగా ఉన్నాడు.

"సైట్ శుభ్రం చేయిస్తున్నాను సార్. చూశారుగా, ఒక్క గుమ్మం ఉన్నా నేను రోలరు తిప్పించేవాణ్ణా?"

నూకాలుకి ఆ మాటలు వినబడలేదు. ఇసక తవ్వడం మొదలెట్టింది. నేల రాయిలా బిగిసిపోయింది. అరిగిన డెక్కతో తవ్వింది, అది విరిగితే రెండోదానితో తవ్వింది. ఎద్దుకి సంగతి అర్థమై, రోలరు విదిలించుకుని వచ్చి గిట్టలతో మెల్లగా గీరాడు. మూరెడు లోతున పైడమ్మ దొరికింది. కొత్త పెంకు ఇంకా గట్టిపడనే లేదు. నలిగిపోయింది.

"గుమ్మం కనబడితే అడుగు వేసేవాణ్ణి కాదు తల్లీ!" అన్నాడు సింహాద్రి. వాడి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "ఒక్క గుర్తయినా లేదు. నేల నున్నగా ఉంది."

"ఉండదు నాయనా" అంది నూకాలు. "నేనే సర్దాను."

ఏడుద్దామంటే కొంగ టేపు చుట్టేస్తోంది. నూకాలు చెల్లెల్ని చేతుల్లోకి ఎత్తుకుని కొంగ ముందు నిలబడింది. "ఇదిగో సారూ. దీని ఇల్లు ఇక్కడే. ఇది ఇంట్లోనే చచ్చిపోయింది. ఇంతకన్నా ఏటి చూపించమంటారు?"

పరాంకుశంగారు కళ్ళజోడు పెట్టుకుని పైడమ్మని చాలాసేపు చూశారు. ఎగాదిగా చూశారు.

"ఇది ఆధారమే" అన్నారు. "కాదనను. అభ్యంతరంతో పాటు ఆఫీసులో దాఖలు చెయ్యి. రేపు పదిన్నరకి విచారణ."

గుర్నాథం కొంగ వైపు ఒకసారి చూసి, తల దించుకున్నాడు.

పీతల్లో పోయినవాళ్ళని ఆ రోజు పాటుతోనే, అంటే నీళ్ళు వెనక్కి తీసేటప్పుడే, సముద్రానికి ఇచ్చెయ్యాలి. మర్నాటికి ఉంచరు. "వద్దమ్మా, మీ చెల్లెల్ని సాగనంపు" అన్నాడు సింహాద్రి. "ఆ ఆఫీసు బల్ల మీద పెట్టకు." అప్పాయమ్మా అదే మాటంది. నూకాలు మనసూ అదే అంటోంది. కానీ చూస్తే చుట్టూ నలభై కుటుంబాలు. ఇంకో ఆరు రోజుల్లో అమావాస్య. దిగువ ఇళ్ళన్నీ నీళ్ళ పాలవుతాయి. మెరక దక్కకపోతే వీళ్ళెక్కడికి పోవాలి?

"బతికినన్నాళ్ళూ నా మాట జవదాటలేదు" అంది నూకాలు. "ఈ ఒక్క రోజూ నా కోసం ఆగుతాదిలే."

పైడమ్మని తామరాకులో పెట్టి ఆఫీసు బల్ల మీద పెట్టి వచ్చింది. పరాంకుశంగారు ఆకు మీద బరువు కోసం ఒక రాయి కూడా పెట్టారు, ఎగిరిపోకుండా.

మర్నాడు పదిన్నరకి నలభై కుటుంబాలూ ఆఫీసు గుమ్మం ముందు నిలబడ్డాయి. లోపల నూకాలు. ఎదురుగా గుర్నాథం. కొంగ ఫైలు విప్పింది.

"దరఖాస్తు ఉంది. ప్లాను ఉంది. తనిఖీ రిపోర్టు ఉంది. అభ్యంతరం ఉంది. ఆధారం..." అని అటూ ఇటూ చూసింది. "ఆధారం ఏదమ్మా?"

"నిన్న మీ బల్ల మీద పెట్టాను కదండీ!"

"పెడితే ఉండాలి కదా."

బల్ల మీద రాయి ఉంది. రాయి కింద ఆకు ఉంది. ఆకులో ఏమీ లేదు. కొంగ ముక్కు పక్కన, కళ్ళజోడు దారానికి, సన్నటి ఎర్రటి కాలొకటి అంటుకుని ఉంది.

నూకాలు దాన్ని చూసింది.

"అది మా పైడమ్మ కాలు" అంది.

కొంగ గబుక్కున దారం తడుముకుంది. గుర్నాథం దగ్గాడు. "ఏం మాటలప్పా అవి! అయ్యగారి ఫలహారం తాలూకుదై ఉంటుంది. పెద్దవాళ్ళ తిండి మీద కూడా అభ్యంతరమేనా?"

"ఆధారం లేనందువల్ల అభ్యంతరం కొట్టివేయడమైనది" అని చదివి, కొంగ ముద్ర వేసింది. చప్పుడు బయట నిలబడినవాళ్ళందరికీ వినబడింది.

నూకాలు అరవలేదు, శాపాలు పెట్టలేదు. "ఆ కాలయినా ఇప్పించండి సారూ" అంది. కొంగ దారం దులిపేసింది. నూకాలు నేల మీద నుంచి ఏరుకుని బయటికి వచ్చింది. ఆ మధ్యాహ్నం పాటులో చెల్లెలి కాలు ఒక్కటే సముద్రానికి ఇచ్చింది.

ఎర్రజెండా నుంచి వంద అడుగులు కొలిచి గుర్నాథం పునాది తీయించాడు. రోలరు లాగనని సింహాద్రి మొరాయిస్తే ఇంకో ఎద్దుని తెచ్చుకున్నాడు. మూడు రోజుల్లో మెరక చుట్టూ రాతి గోడ లేచింది.

అమావాస్య పొద్దున పోటు వచ్చింది. దిగువ ఇళ్ళన్నిటినీ ఒక్క ఊపులో కడిగేసింది. నలభై కుటుంబాలూ పిల్లల్ని వీపున వేసుకుని మెరక వైపు పరుగెత్తాయి. ఎదురుగా గోడ. తవ్వబోతే రాయి. వెనక నీళ్ళు పెరుగుతున్నాయి. అప్పాయమ్మ తన మిగిలిన ఒక్కగానొక్కణ్ణి నెత్తి మీదికెత్తుకుని నూకాలు పక్కకి వచ్చింది. అందరూ నూకాలు మొహంలోకే చూస్తున్నారు.

"పెద్దమ్మా, ఎటు పోదాం? చెప్పు పెద్దమ్మా!"

వాళ్ళు పుట్టిన దగ్గర్నుంచి ఆ ప్రశ్నకి జవాబు చెప్తూ వచ్చిన నూకాలు గోడకి ఆనుకుని నిలబడింది.

"నాకు తెలీదమ్మా" అంది.

నేల మనదనడానికి దాని మీద మనం నిలబడి ఉండటమే సాక్ష్యం. వదిలి వెళ్ళాక మోసుకెళ్ళే సాక్ష్యాలన్నీ తీర్పు చెప్పేవాడి కడుపులోకే పోతాయి.