పైడమ్మ ఇంటివాళ్ళు నలుగురే

ఉదయం ఎనిమిదైంది. సన్నగా ముసురు.

పైడమ్మ ఇంట్లో నలుగురు. తను, మొగుడు సింహాచలం, కూతురు నూకరత్నం, ఇల్లరికపు అల్లుడు అప్పన్న. ఊరి తెలివంతా ఆ నాలుగు బుర్రల్లోనే ఉందని వాళ్ళ ధీమా. లేకపోతే పట్నం నుంచి చదువుకున్న పిల్ల మృదుల ఏరికోరి వాళ్ళింటికే ఎందుకొస్తుంది?

“నాది మానవశాస్త్రం అమ్మా. ఎక్కడి మనుషులు ఎలా బతుకుతారో, ఏం తింటారో, ఎవర్ని తమవాళ్ళనుకుంటారో చూసి రాసుకుంటాను. ఒకరి పద్ధతి ఎక్కువా కాదు, ఇంకొకరిది తక్కువా కాదు. నేను లేనట్టే మీ పనులు చేసుకోండి.”

“అదెంత భాగ్యం!” అంది పైడమ్మ.

అంతే. నూకరత్నం చేట పట్టుకొచ్చి, మృదుల ఒళ్ళోనే కూర్చుని బియ్యం చెరిగింది.

“అయ్యో, లేవండి!”

“ఎవరిదో మాట వినపడిందే?”

“గాలిలేవే,” అంది పైడమ్మ.

అంబలి నాలుగు గిన్నెల్లోనే పోశారు. మృదుల కడుపు గుర్రుమంది.

“ఉరుముతోంది,” అన్నాడు అప్పన్న.

సంతకి బయల్దేరారు. రేవులో పడవవాడు “ఐదుగురా?” అన్నాడు.

“నలుగురం! కళ్ళు కనపడవా?” అని పైడమ్మ పడవెక్కి, చింతపండు బుట్టని ఖాళీ చోట పెట్టింది. అక్కడున్నది మృదుల నెత్తి. ఇంకేముంది, పిల్ల తూలి ఏట్లో పడింది.

“మామా, ఏదో పడింది!”

“మనవాళ్ళు నలుగురూ ఉన్నారు కదరా. పోనీ.”

నీళ్ళమీద ఒక చెయ్యి లేచింది. మునిగింది. పైడమ్మ చటుక్కున లేచింది. ఉన్న పిల్లా, లేని పిల్లా అని చూడలేదు. వంగి జడ పట్టి లాగేసింది.

మృదుల నీళ్ళు కక్కి, “అమ్మా, ఇకనుంచి నన్ను మీ ఇంటి మనిషిగా చూడండి,” అంది.

“అలాగే తల్లీ,” అని పైడమ్మ వీపుమీద ఒక్కటి చరిచింది. “ఈత రానిదానివి, అంచున కూర్చుంటావా?”

సంత మానేసి ఇల్లు చేరారు. పైడమ్మ అందర్నీ నట్టింట్లో నిలబెట్టి, తనతో సహా తలలు లెక్కపెట్టింది. ఐదు! మళ్ళీ పెట్టింది. ఐదే.

“ఎవడో బయటివాడు దూరాడే!” అన్నాడు సింహాచలం.

మృదుల ఇంటి మనిషే, తనే చెప్పింది. మరింకెవరు? పైడమ్మ అప్పన్నకేసి తిరిగింది.

“నీదే ఊరు నాయనా?”

“బొడ్డవలస.”

“దొరికాడు!”

“అవును సుమా!” అని అప్పన్న నోరు నొక్కుకున్నాడు. తప్పయిపోయిందని అందరికీ దణ్ణం పెట్టి వానలోకి దిగిపోయాడు.

“ఆయన మీ అల్లుడమ్మా!” అని మృదుల మొత్తుకుంటూనే ఉంది. పైడమ్మ గడియ వేసేసింది.

నూకరత్నం కిటికీలోంచి చూసి, “పాపం, తడిసిపోతున్నాడు. ఎవరింటి అల్లుడో!” అంది.

పైడమ్మ మళ్ళీ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

“అమ్మయ్య! అందరం క్షేమంగా చేరాం.”